బొట్టు పెట్టిన నీలం చెప్పులు

కరెంటు వచ్చినప్పుడల్లా మా ఇంట్లో రెండు కేకలు వినిపిస్తాయి. మొదటిది ఏడేళ్ల మా పాపది, వెనకాలే నాలుగేళ్ల బాబుది. నిన్న సాయంత్రం ఒక్క కేకే వినిపించింది. అది బాబుది.

నేను వంటింట్లో బియ్యం కడుగుతున్నాను. ఫ్రిజ్ ఒకసారి ఒళ్లు విదిలించుకుని గుర్రుమంది. హాల్లో ఫ్యాను కిర్రుమంటూ కదిలింది. పాప కేక కోసం నా చెవులు ఆగాయి. రాలేదు. అప్పుడు తట్టింది నాకు. కరెంటుతో పాటు లేచే వస్తువులన్నీ ఏదో ఒక చప్పుడు చేస్తూ లేస్తాయి, ఒక్క ఇస్త్రీ పెట్టె తప్ప.

మధ్యాహ్నం పాప గౌను కాలరు కుట్టి, దాన్ని ఇస్త్రీ చేస్తుండగా కరెంటు పోయింది. పెట్టెను ఆ కాలరు మీదే బోర్లా వదిలేశాను. స్విచ్చి తీశానా? తీయలేదు. సాయంత్రమైనా కరెంటు రాలేదు కదా, ఈలోపు ఇల్లు తుడిచేద్దామని గదులన్నిటికీ తడిగుడ్డ పెట్టాను. పాప చెప్పుల్లేకుండా ఆ తడి నేల మీద నడుచుకుంటూ బొమ్మకు రిబ్బను ముక్కలు ఏరుకోవడానికి కుట్టుగదిలోకి వెళ్లింది. వెళ్తుంటే చూశాను కూడా.

వంటింటి గుమ్మంలోంచి కుడివైపు పది అడుగులు వేస్తే కుట్టుగది. ఎడమవైపు వీధి తలుపు, దాని పక్కన మెయిన్ స్విచ్చి. నా కాళ్లు ఎడమవైపు పరిగెత్తాయి.

కన్నతల్లి కాళ్లు బిడ్డ ఉన్న వైపు కాకుండా అటెందుకు పోయాయి? పిల్లలు పడుకున్నాక కూర్చుని ఇది రాస్తున్నాను కానీ, నిన్నటి నుంచీ నాకు అదే ఆశ్చర్యం. నా సంగతి నాకు తెలుసు. పిల్లాడు తుమ్మితే గాభరా పడే మనిషిని. ఆ తెలివి నాది కాదు. ఆరేళ్ల కిందట శామీర్‌పేటలో ఒకామె నా కాళ్లకు నేర్పి పెట్టింది అది.

ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. కుట్టు నేర్చుకునే మాకూ, బట్టలు ఇచ్చిపోయే ఆడవాళ్లకూ, చివరికి ఆమె కంటే పెద్దవాళ్లకూ ఆమె అక్కే. అప్పట్లో మా ఆయన ఉద్యోగం అటువైపు మందుల ఫ్యాక్టరీలో. శామీర్‌పేట బస్టాపు వెనక సందులో అద్దెకుండేవాళ్లం. తెనాలి దగ్గర పల్లె నుంచి బి.ఎస్సీ డిగ్రీ, ఆరు నెలల పాపను చేతుల్లో పట్టుకుని వచ్చిన నాకు అక్కడ ఒక్కరూ తెలియదు. మూడిళ్ల అవతల మిషను చప్పుడు వినిపిస్తుంటే వెళ్లి గుమ్మంలో నిలబడ్డాను.

ఆమె తల ఎత్తలేదు. పెదాల మధ్య నాలుగు గుండుసూదులు పట్టుకుని, వాటి సందులోంచే మాట్లాడింది.

"నేర్సుకుంటవా?"

"అవునండీ."

"సూదులు నోట్ల పెట్టుకోని మాట్లాడొద్దు. గది మొదటి పాఠం."

"మరి మీరు పెట్టుకున్నారు కదండీ?"

అప్పుడు తల ఎత్తింది. ఒక్కొక్క సూదీ తీసి దిండుకు గుచ్చింది. "ఏందమ్మా, ఆంధ్రామెవా? వచ్చుడు వచ్చుడే కొచ్చెన్లేస్తున్నవ్. లోపటికి రా. సెప్పులు గాడ ఇడువు."

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తే మొదట కనిపించింది ఇంకో జత చెప్పులు. నీలం పట్టీల హవాయి చెప్పులు, బాగా కడిగినవి, ఇస్త్రీ బల్ల కింద పక్కపక్కన పెట్టి ఉన్నాయి. కుడి చెప్పు మడమ దగ్గర అరిగింది. రెండింటి మీదా పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది. మూడు మిషన్లకు ఉన్న బొట్టు, గోడ మీది లక్ష్మీదేవి పటానికి ఉన్న బొట్టు, చెప్పులకూ ఉంది. నేను నోరు తెరిచేలోపు ఆమే అంది.

"గవి ఇస్త్రీ జేసేటామె సెప్పులు. వేరేటోళ్లు తొడగొద్దు. గవి తొడగకుంట ఇస్త్రీ పెట్టె ముట్టొద్దు."

"వాటికి బొట్టెందుకండీ?"

"మిషిన్లకు పెట్టంగ కుంకుమ మిగిలింది."

ఆ ప్రశ్న నేను ఆ ఏడాదిలో ఎన్నిసార్లు అడిగానో! ప్రతిసారీ కొత్త జవాబు. చెప్పులకు దిష్టి తగలకుండా అనేది. ఇస్త్రీ పెట్టెకు మొగుడు కావాలె కదా అనేది. మా ఇంట్లో చెప్పులకూ పెళ్లి చేస్తం, నీకేంది అనేది. దసరాకు మిషన్లకు, కత్తెరలకు, టేపుకు పూజ చేస్తూ ఆ చెప్పులను మధ్యలో పెట్టి, వాటికే ముందు కొబ్బరికాయ చూపించింది. ఆ రోజు మాత్రం నవ్వలేదు. అందుకే నా అనుమానం పోలేదు.

ఇస్త్రీ పెట్టెను ఆమె మనిషిలాగా చూసేది. "గీమె" అనేది. "గీమెకు ఇయ్యాల కోపం ఎక్కువుంది, కొంచెం ఆగు." "గీమెను రుద్దకు, కూసోబెట్టు, లేపు, మల్ల కూసోబెట్టు." కుట్టు అంచులు రెండు వైపులా విడదీసి నొక్కేటప్పుడు పెట్టెను రుద్దితే బట్ట సాగుతుందని, ఎత్తి పెట్టి ఎత్తి పెట్టి నొక్కాలని నాకు ముందు మాటల్లో చెప్పలేదు. నా చెయ్యి పట్టుకుని నలభై సార్లు చేయించింది. పట్టు జాకెట్టు మీద తడిపి పిండిన పాత ధోవతి ముక్క వేయకుండా పెట్టె ఆనిస్తే బెత్తం లాంటి చూపు చూసేది. బల్ల మీద పాత కంబళి, దాని మీద నూలు దుప్పటి. మంచం మీద, పరుపు మీద ఇస్త్రీ చేసేవాళ్లంటే ఆమెకు మంట. "పండుకునేకాడ పొయ్యి పెడ్తవా?" అనేది. పెట్టెను నిలబెట్టడానికి బల్ల మూలన జానెడు షాబాదు బండ. పని అయిపోతే ప్లగ్గు పీకి, ఆ ప్లగ్గును పెట్టె పిడి మీద పెట్టాలి. "నెత్తి మీద ప్లగ్గు కనపడాలె. కనపడకుంటె గీమె మేలుకునే ఉన్నది."

కరెంటు రోజుకు నాలుగుసార్లు పోయేది ఆ రోజుల్లో. పోగానే బజారంతా "అబ్బా!" అనేది. ఆమె గదిలో మాత్రం అబ్బా అనడానికి వీల్లేదు. ఎవరి చేతిలో ఏ పని ఉన్నా, అందరూ ఒక్కసారే "ఇస్త్రీ?" అని అరవాలి. చివరిసారి పెట్టె పట్టుకున్నామె ప్లగ్గు ఎత్తి చూపించి "తీసిన!" అనాలి. చూపించకుండా అంటే చెల్లదు. కొత్తలో నాకు నవ్వాగేది కాదు. జాకెట్లు తీసుకుపోవడానికి వచ్చినవాళ్లు సందు చివర దాకా నవ్వుకుంటూ పోయేవాళ్లు. "అక్కా, నీ దుకాణంల కరెంట్ పోతె గుడిల గంట కొట్టినట్టుంటది" అనేవాళ్లు. "కొట్టనీ" అనేది.

గది తాళం వేశాక పది అడుగులు నడిచి వెనక్కి వచ్చేది. తలుపు సందుకు ముక్కు ఆనించి వాసన చూసేది. మళ్లీ వెళ్లేది. నాకు ఆ జబ్బు ఉంది కాబట్టి ఆమెకూ ఉందనుకుని లోలోపల సంతోషపడ్డాను. గ్యాసు కట్టేశానా, తలుపు గొళ్లెం వేశానా అని నేను మంచం దిగి చూసి వస్తుంటాను. ఒకసారి ఆమెతో అన్నాను, "మనిద్దరం ఒకటే అక్కా, అన్నిటికీ భయమే" అని.

"కాదు" అంది వెంటనే. "నువ్వు భయపడి కూసుంటవ్. నేను భయపడి లేస్త."

నాకు ఇస్త్రీ పెట్టె కొనిపెట్టడానికి ఆమే స్వయంగా వచ్చింది. శామీర్‌పేట నుంచి మేడ్చల్‌కు షేరాటోలో, ఒళ్లో బట్టల సంచి పెట్టుకుని. సంచిలో ఏముందో అడిగితే చెప్పలేదు. మేడ్చల్ బస్టాండు ఎదురుగా కరెంటు సామాన్ల కొట్టు. కొట్టాయన తేలికైన, మెరిసే పెట్టెలు నాలుగు బల్ల మీద వరసగా పెట్టాడు. ఆమె ఒక్కొక్కటీ తలకిందులు చేసి, అడుగు మీద బొటనవేలు గోరుతో గీసి చూసింది. తోక దగ్గర తీగ వంచి చూసింది. నిలబెట్టి వేలితో తోసి చూసింది. రెండు పడిపోయాయి. వాటిని పక్కకు నెట్టింది.

"అమ్మా, ఇస్త్రీ పెట్టె కొంటున్నవా, కోడల్ని సూసుకుంటున్నవా?" అన్నాడు కొట్టాయన.

"కోడల్నైతె గింత సూడ. కోడలు కోపమొస్తె అరుస్తది, ముందుగాల ఎరుకైతది. గీమె అరవది."

నీళ్లు పోసుకునే ఆవిరి పెట్టె ఒకటి చూపించాడు. అది నాకు బాగా నచ్చింది. ఆమె దాన్ని కడుపు దగ్గర తట్టి చూసి, "గిది ఇంట్ల సొక్కాలకు మంచిగనే ఉంటది. కుట్టుగదిల వద్దు. జరంత కారితె పట్టు మీద మచ్చ" అంది. చివరికి కాస్త బరువున్నది, అడుగు నున్నగా ఉన్నది, నూలుకు, పట్టుకు, నైలానుకు వేరువేరు గుర్తులున్న బిళ్ల తిరిగేది తీసుకుంది. అప్పుడు సంచి విప్పింది. అందులో నూలు ముక్క, పట్టు ముక్క, నైలాను ముక్క, చిన్న సీసాలో నీళ్లు.

"ప్లగ్గు పెట్టు."

"వాడితె మల్ల కొత్తదెట్లయితదమ్మా!"

"కొత్తది నాకెందుకు, మంచిది గావాలె."

పెట్టు పెట్టు అని పెట్టించింది. చిన్న ఎర్ర లైటు వెలగడం కాదు, వేడెక్కాక అది ఆరడం చూడాలట. ఆరకపోతే వేడికి అడ్డూ అదుపూ ఉండదట. లైటు ఆరింది, మళ్లీ వెలిగింది. మూడు ముక్కల మీదా నొక్కి చూసింది. అప్పుడు కొట్టాయన ఉత్సాహంగా, మూడు పిన్నుల ప్లగ్గుకు తొడిగే రెండు పిన్నుల తొడుగు ఒకటి తీశాడు. "గిది పెట్టుకుంటె ఇంట్ల ఏ బోర్డులనైనా పడ్తది."

ఆమె మొహం మారింది. ఆ తొడుగు తీసుకుని ఆయన అరచేతిలోనే తిరిగి పెట్టి, వేళ్లు మూసింది.

"మరి మూడో పిన్ను ఎందుకిచ్చిండన్నా, అందానికా?"

ఆటోలో వస్తూ నాకు చెప్పింది. పెట్టె లోపల తీగ తెగి ఇనుముకు తగిలితే ఆ కరెంటును భూమిలోకి దింపేది ఆ లావు పిన్నేనని. అది లేకపోతే, పట్టుకున్న మనిషే ఆ దారి అవుతుందని. ఫిజిక్సులో నాకు మంచి మార్కులే వచ్చాయి. ఎర్తింగు బొమ్మ గీసి భాగాలు గుర్తించాను. ఆ బొమ్మలో మనిషి లేడు.

ఇక ఆ ఆట గురించి చెప్పాలి. ఆమె గదిలో మెయిన్ స్విచ్చి కింద ఒక చెక్క స్టూలు ఉండేది. ఎంతమంది వచ్చినా దాని మీద ఎవరినీ కూర్చోనిచ్చేది కాదు. వారానికో పదిరోజులకో, అందరం తలలు వంచి పనిలో ఉండగా, ఆమె ప్లగ్గు తీసేసిన పెట్టెను పట్టుకుని, కళ్లు తేలేసి, నాలుక బయటపెట్టి "పట్టింది!" అని అరిచేది. మేం ఏం చేస్తామో చూడటానికి. నిజంగానే చిన్న పిల్లలా నాలుక బయటపెట్టేది. అందరం నవ్వుతూ స్టూలు వైపు పరిగెత్తి, ఒకరు ఎక్కి మెయిన్ కిందికి లాగాలి. పట్టుకున్న మనిషిని ముట్టుకున్నవాళ్లు చచ్చినట్టే లెక్క. ఆ రోజంతా వాళ్లను "సచ్చినామె" అని పిలిచేది. "ఏ సచ్చినామె, కాజాలు కుట్టినవా?"

నేను మూడుసార్లు సచ్చినామెను అయ్యాను. ఒకరోజు ఆమె నా పాపను ఉయ్యాలలోంచి తీసి, చల్లటి పెట్టె పక్కన బల్ల మీద కూర్చోబెట్టి పట్టుకుంది.

"నీ బిడ్డను పట్టిందనుకో. ఉరుకు."

నేను పాప వైపు ఉరికాను. ఇంకెటు ఉరుకుతాను!

"సచ్చిన్రు. తల్లీ బిడ్డా ఇద్దరు" అంది. నవ్వలేదు. "మల్ల."

రెండోసారీ పాప వైపే వెళ్లాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇదేం ఆట, నేను ఆడను అన్నాను.

"మల్ల" అంది.

ఏడోసారో ఎనిమిదోసారో నా వీపు పాపకు చూపించి స్టూలు వైపు పరిగెత్తాను. వెనక పాప ఏడుస్తోంది. స్టూలెక్కి మెయిన్ కిందికి లాగాను. ఆమె పాపను తెచ్చి నా ఒళ్లో పెట్టి, కొంగుతో నా మొహం తుడిచింది. "ఏడ్వకు సెల్లె. గిప్పుడు నీ కాళ్లకు ఎరుకైంది" అంది. ఆ మధ్యాహ్నం తన ఇంటి నుంచి సర్వపిండి తెచ్చి నా ఒక్కదానికే పెట్టింది. మిగతావాళ్లు కుళ్లుకున్నారు.

మేం మేడ్చల్‌లో కాలనీ ఇంటికి మారడానికి నాలుగు రోజుల ముందు, వాన పడుతున్న పగలు, గదిలో మేమిద్దరమే ఉన్నాం. కరెంటు పోయింది. "ఇస్త్రీ?" అన్నాను అలవాటుగా. "తీసిన" అంది, ప్లగ్గు చూపించి. మిషన్లు ఆగిపోయిన నిశ్శబ్దంలో చివరిసారిగా అడిగాను.

"ఇప్పుడైనా చెప్పండక్కా. ఆ చెప్పులకు బొట్టెందుకు?"

కాసేపు చేతిలోని దారం ముడి విప్పుతూ ఉంది.

"గవి నావి గావు" అంది.

నేను రాకముందు సంగతి. కీసర వైపు నుంచి ఒక పిల్ల కుట్టు నేర్చుకోవడానికి వచ్చేదట. పదిహేడేళ్లుంటాయేమో. హుషారైన పిల్ల. ఒకరోజు ఆలస్యమై, చెప్పులతోనే లోపలికి వచ్చింది. "నేనే తిట్టిన. మిషిన్ లక్ష్మి, సెప్పులతోటి లోపటికొస్తవా, సిగ్గు లేదా అన్న. నలుగురి ముంగట అన్న. గా పిల్ల మొకం సిన్నగ జేసుకోని పోయి గడప అవతల ఇడిసింది." నేల అప్పుడే కడిగి ఉంది. పెట్టె పాతది, తీగ నలిగినది, ప్లగ్గు రెండు పిన్నులది. పిల్ల తడి కాళ్లతో పెట్టె పట్టుకుంది.

"అరిచిందనుకున్నవా? అరవలె. నా దిక్కే సూసింది. నేను ఉరికి భుజం పట్టుకున్న. నన్ను గూడ పట్టింది. జాకిట్ ఇయ్యనీకి వచ్చిన అవ్వ ఒకామె కొలత కట్టెతోటి తీగను కొట్టింది. లేకుంటె గాడనే పోతుంటిమి ఇద్దరం."

"ఆ పిల్ల?"

"బతికింది. వాళ్ల బాపు ఆటోల ఏస్కపోయిండు. ఉత్త కాళ్లతోటి పోయింది. కుడిచేయి శాన రోజులు వణికిందంట. మల్ల రాలె. సెప్పులు నా గడప కాడనే ఉండె."

రెండు రోజులు చూసిందట, ఎవరైనా వచ్చి తీసుకుపోతారేమోనని. మూడోరోజు వాటిని కడిగి, పసుపు రాసి, బొట్టు పెట్టి, లోపలికి తెచ్చి ఇస్త్రీ బల్ల కింద పెట్టింది.

"నేను బయట ఇడిపిచ్చినయి గద. నేనే లోపటికి తేవాలె."

ఇంతలో కరెంటు వచ్చింది. ఆమె లేచి మిషను ముందు కూర్చుంది. "ఏంది గట్ల సూస్తున్నవ్? కాజాలు మిగిలినయి" అంది.

వెళ్లే రోజు నాకొక పొట్లం ఇచ్చింది. కుట్టు నేర్చుకుని వెళ్లేవాళ్లకు అందరూ కత్తెర ఇస్తారు. పొట్లంలో కొత్త నీలం హవాయి చెప్పులు. రెండింటికీ బొట్టు.

మేడ్చల్ ఇంట్లో కుట్టుగది పెట్టుకుని, వాటిని ఇస్త్రీ బల్ల కింద పెట్టాను. ఊరి నుంచి మా అత్తగారు వచ్చినప్పుడు చూశారు. "ఇదేం చోద్యమమ్మా! మిషను దగ్గర చెప్పులా? వాటికి బొట్టు కూడానా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు. నిజం చెప్పడానికి అంత కథ చెప్పాలి. చెప్పలేదు. చెప్పులను పెరటి గుమ్మం బయట పెట్టాను. అత్తగారు వెళ్లిపోయాక కూడా అక్కడే ఉండిపోయాయి. బట్టలు ఆరేయడానికి తొడుక్కున్నాను. వానకు బొట్టు పోయింది. మామూలు చెప్పులయ్యాయి.

పోయిన వేసవిలో షేరాటోలో పాత స్నేహితురాలు ఒకామె కనిపించింది. నాతో పాటు కుట్టు నేర్చుకున్నామె. మాటల్లో "అక్క పోయింది, ఎరుకేనా?" అంది. గుండె జబ్బట. నేను మొదట అడిగిన ప్రశ్న తలుచుకుంటే ఇప్పటికీ వింతగా ఉంటుంది. "ఆ నీలం చెప్పులు ఏమయ్యాయి?" అన్నాను. ఆమె నన్ను అదోలా చూసింది. "ఎవలకెరుక? గది ఖాళీ జేసిన్రు" అంది. ఇంటికి వచ్చి చాలాసేపు బాధపడ్డాను. బాధపడి కూర్చున్నాను. లేవలేదు. పెరట్లో చెప్పులు పెరట్లోనే ఉన్నాయి. నెల కిందట కుట్టుగదిలో పెద్ద ప్లగ్గు పాయింటు మాడిపోతే, బాగు చేయించడం మాని, బజారులో రెండు పిన్నుల తొడుగు కొనుక్కొచ్చి చిన్న బోర్డులో పెట్టాను. అక్క ఆ కొట్టాయన అరచేతిలో పెట్టి వేళ్లు మూసిన తొడుగే.

నిన్న మెయిన్ కిందికి లాగగానే ఫ్యాను ఆగింది. "మళ్లీ పోయిందీ!" అన్నాడు బాబు ఏడుపు గొంతుతో. అప్పుడు కుట్టుగది వైపు పరిగెత్తాను. ఆ పది అడుగులు ఎంత దూరమో!

పాప బల్ల దగ్గర నిలబడి ఉంది. తడి నేల మీద, ఉత్త కాళ్లతో. కుడిచెయ్యి ఎడమచేత్తో పట్టుకుని ఉంది. గదిలో కమురు వాసన.

"ముట్టుకున్నావా?"

"కరెంటొచ్చింది కదమ్మా, గౌను కాలిపోతుందని ఎత్తబోయాను. వేలికి చీమలు కుట్టినట్టయింది."

వేలు చూశాను. ఏమీ లేదు. ఒళ్లంతా చూశాను. మెయిన్ కట్టే ఉంచి ప్లగ్గు పీకాను. అప్పుడు పెట్టె ఎత్తితే కాలరు మీద లేత గోధుమరంగు మచ్చ. తోక దగ్గర, తీగకు చుట్టిన నూలు చిట్లి లోపలి రాగి కనిపిస్తోంది. చీమలు కుట్టినట్టు! ఇంకొక్క క్షణం ఉంటే, పిడి కాకుండా ఇనుము చేతికి గట్టిగా తగిలి ఉంటే అని ఆలోచన మొదలై, మధ్యలో ఆగిపోయింది. పాప ఎందుకు కేక పెట్టలేదో అప్పుడు అర్థమైంది. కరెంటు రాగానే ఇస్త్రీ పెట్టె గుర్తొచ్చింది ఇంట్లో దానికొక్కదానికే.

డాక్టరుకు చూపించి వచ్చాం. ఏం ఫర్వాలేదన్నాడు. ఆ రెండు పిన్నుల తొడుగును సుత్తితో పగలగొట్టాను. పెరట్లో చెప్పులు తెచ్చి సబ్బుతో కడిగాను. తెల్లారాక పసుపు రాసి, బొట్టు పెట్టి, బల్ల కింద పెట్టాను. వీధి తలుపు పక్కన మెయిన్ స్విచ్చి కింద చెక్క స్టూలు వేశాను. పెట్టెకు కొత్త తీగ, గోడకు కొత్త పాయింటు పడేదాకా ఇస్త్రీ లేదు.

ఉదయం బడికి తయారైన పిల్లలిద్దరినీ కుట్టుగదిలోకి పిలిచాను. ఇన్నాళ్లూ ఇస్త్రీ పెట్టె జోలికి వెళ్తే చంపేస్తానని మాత్రమే చెప్పేదాన్ని. ఇవాళ అది చెప్పలేదు.

"నిన్న తప్పు నాది" అన్నాను. "ఇక మీద కరెంటు పోగానే మీరిద్దరూ 'ఇస్త్రీ?' అని అరవాలి. నేను ప్లగ్గు చూపించి 'తీశాను' అనేదాకా అరుస్తూనే ఉండాలి."

"నువ్వు తిడితే?" అన్నాడు బాబు.

"తిట్టినా అరవాలి."

పాప చెప్పుల మీది బొట్టు చూస్తోంది. చూస్తూనే అడిగింది.

"నిన్న నీ అడుగులు వినిపించాయమ్మా. నా దగ్గరికి కాదు, అటు పరిగెత్తావు. ఎందుకు?"

వినిపించాయన్నమాట! దాన్ని దగ్గరకు తీసుకుని, హాల్లోకి తీసుకొచ్చి, స్టూలు చూపించాను.

"నీ కోసమే అటు పరిగెత్తాను. ముందు ఇది లాగితేనే నేను నీ దగ్గరికి రాగలను. తమ్ముడికి ఎప్పుడైనా అలా అయితే, నువ్వు కూడా వాణ్ని ముట్టుకోకూడదు. వాడి వైపు పరిగెత్తకూడదు. ఇటే రావాలి. ఆ తర్వాతే వాడి దగ్గరికి. అర్థమైందా?"

తల ఊపింది. చల్లటి పెట్టె పక్కన బాబును నిలబెట్టాను. వాడికి ఆట అనగానే హుషారొచ్చింది. ఎవరూ నేర్పకుండానే కళ్లు తేలేసి నాలుక బయటపెట్టాడు.

"పట్టింది! పరిగెత్తు" అన్నాను పాపతో.

అది తమ్ముడి వైపే పరిగెత్తి, వాణ్ని గట్టిగా వాటేసుకుంది.

బడి బస్సు సందు మొదట్లో హారను కొడుతోంది.

"మళ్లీ" అన్నాను.